పక్క సీటు ఎవరిది: సౌత్‌వెస్ట్ ఓపెన్ సీటింగ్ వెనక కథ

2026 జనవరి 27 నుంచి అమెరికాలో సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ విమానం ఎక్కేవాళ్ల బోర్డింగ్ పాస్ మీద సీటు నంబర్ ఉంటోంది. మరో ఎయిర్‌లైన్స్ అయితే ఇందులో వార్త ఏముందని అడిగేవాళ్లం. కానీ ఈ కంపెనీ 1971లో మొదలైనప్పటి నుంచి, యాభై నాలుగేళ్ల పాటు, ఎవరికీ సీటు కేటాయించలేదు. వరసలో ఎక్కాలి, ఖాళీ ఉన్నచోట కూర్చోవాలి, అంతే. దీన్నే ఓపెన్ సీటింగ్ అనేవారు. డాలస్‌లోని లవ్ ఫీల్డ్ విమానాశ్రయం ఈ కంపెనీకి సొంత ఇల్లు కాబట్టి, ఆ చుట్టుపక్కల ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కోల్లో ఉండే తెలుగువాళ్లకు ఈ పద్ధతి బాగా తెలుసు. ప్రయాణానికి సరిగ్గా ఇరవై నాలుగు గంటల ముందు అలారం పెట్టుకుని, చెక్-ఇన్ తెరుచుకున్న క్షణంలోనే ఫోన్ నొక్కే టెన్షన్ కూడా తెలుసు. ఒక్క నిమిషం ఆలస్యమైతే వరసలో ఎంతోమంది వెనక పడేవాళ్లం. పిల్లలతో వెళ్లేవాళ్లకైతే అది నలుగురూ నాలుగు చోట్ల కూర్చోవడం కిందే లెక్క.

ఇలా కుటుంబాలు చెల్లాచెదురు కావడానికి కారణం ఓపెన్ సీటింగేనని చాలామంది అంటారు. పాత సంగతులు తవ్వి చూస్తే అది సగమే నిజం. సీటు నంబర్ లేకపోవడం వల్ల వచ్చిన చిక్కు కంటే, వరసలో ముందు చోటుకు ధర కట్టడం వల్ల వచ్చిన చిక్కు పెద్దది.

సౌత్‌వెస్ట్ పుట్టడమే కోర్టుల మధ్య పుట్టింది. రోలిన్ కింగ్, లాయరు హెర్బ్ కెల్లెహర్ కలిసి 1967లో కంపెనీ పెట్టారు. టెక్సాస్ దాటి వెళ్లకపోతే కేంద్ర ప్రభుత్వ అనుమతి అక్కర్లేదన్నది వాళ్ల ఎత్తు. బ్రానిఫ్ లాంటి పాత కంపెనీలు వేసిన కేసులన్నీ తేలి, 1971 జూన్ 18న డాలస్, హ్యూస్టన్, శాన్ ఆంటోనియోల మధ్య విమానాలు ఎగిరాయి. మరుసటి ఏడాదికే చేతిలో డబ్బు అయిపోయింది. ఉన్నవి నాలుగు బోయింగ్ 737లు. అందులో ఒకటి అమ్మక తప్పలేదు. అమ్మేశాక కూడా నాలుగు విమానాల టైంటేబుల్‌ని మూడింటితోనే నడపాలని పట్టుబట్టారు. అలా జరగాలంటే దిగిన విమానం పది నిమిషాల్లో మళ్లీ బయల్దేరాలి. 'పది నిమిషాల టర్న్' అని విమానరంగంలో ఇప్పటికీ చెప్పుకునేది దీన్నే.

పది నిమిషాల్లో ఒక లోడు జనాన్ని దింపి ఇంకో లోడు ఎక్కించాలంటే 14సీ ఎక్కడ, నా సీట్లో మీరెందుకు కూర్చున్నారు లాంటి మాటలకు చోటుండదు. సీటు నంబర్ లేకపోతే తగువే లేదు. పైగా ఆలస్యంగా వస్తే మధ్య సీటే గతి అని తెలిసినవాడు తొందరగా ఎక్కేస్తాడు, దొరికినచోట కూలబడతాడు. ఓపెన్ సీటింగ్ బలం ఇదే. ఆ లెక్కలో కుటుంబం అన్న మాట ఎక్కడా లేదు. ఉండాల్సిన పని కూడా అప్పట్లో లేదనే చెప్పాలి. పొద్దున డాలస్ నుంచి హ్యూస్టన్ వెళ్లి సాయంత్రం తిరిగొచ్చే ఉద్యోగులూ వ్యాపారులూ ఆ విమానాల్లో ఎక్కువ.

తర్వాత కుటుంబాలూ వచ్చాయి. విచిత్రం ఏమిటంటే, తొలినాళ్ల ఆ మొరటు పద్ధతే కుటుంబాలకు బాగా పనికొచ్చింది. గేటు దగ్గర నంబర్లు వేసిన ప్లాస్టిక్ కార్డులు ఉండేవి. వచ్చినవాళ్లకు వచ్చిన క్రమంలో ఒక్కో కార్డు చేతికిచ్చేవారు. ముప్పై మంది చొప్పున పిలిచి, విమానం ఎక్కేటప్పుడు కార్డులు వెనక్కి తీసుకుని తర్వాతి ప్రయాణానికి వాడేవారు. కలిసి వచ్చిన నలుగురికి వరసగా నాలుగు కార్డులు దొరికేవి. చిన్నపిల్లలున్నవాళ్లను అందరికంటే ముందే పంపేవారు. కొన్ని పాత 737ల్లో ముందు భాగాన రైలు పెట్టెలోలాగా ఎదురెదురు సీట్లు కూడా ఉండేవి. ఒక కుటుంబం మోకాళ్లు తగిలించుకుని కబుర్లు చెప్పుకుంటూ పోయేది. తర్వాత వాటిని తీసేశారు.

2001 సెప్టెంబరు దాడుల తర్వాత భద్రతా నియమాలు బిగిశాయి. పేరు లేని ప్లాస్టిక్ కార్డుకు కాలం చెల్లి, ఏ, బీ, సీ గ్రూపులు ముద్రించిన కాగితం పాసులొచ్చాయి. గ్రూపు ఒకటే ఇచ్చి అందులో నంబర్ ఇవ్వకపోవడంతో, ఏ గ్రూపువాళ్లు గంట ముందు నుంచే క్యూలో నిలబడేవారు. బ్యాగులు నేల మీద పెట్టి, వాటిని కాలితో ముందుకు తోసుకుంటూ పోవడం గేట్ల దగ్గర రోజూ కనిపించేది. 'పశువుల మంద' అన్న ఎగతాళి పేరు ఈ బోర్డింగ్‌కే తగులుకుంది.

అసలు మలుపు 2007లో. దానికి ముందు ఏడాది శాన్ డియేగోలో సీట్లు కేటాయించి చూశారు. చివరికి ఓపెన్ సీటింగే ఉంచాలని నిర్ణయించి, క్యూను మాత్రం తీరుగా మార్చారు. ఏ1 నుంచి ఏ60, బీ1 నుంచి బీ60, ఆపైన సీ. గేటు దగ్గర నంబర్లు రాసిన స్తంభాలు నిలబెట్టారు. మీ నంబర్ ఏ33 అయితే 31-35 స్తంభం దగ్గర నిల్చోవాలి. చూడ్డానికి ఎంతో పద్ధతిగా ఉండేది. కానీ సరిగ్గా అప్పుడే రెండు పనులు జరిగాయి. చిన్నపిల్లల కుటుంబాలు అందరికంటే ముందు ఎక్కే వసతి తీసేసి, వాళ్లను ఏ గ్రూపు తర్వాత, బీ గ్రూపుకు ముందు ఎక్కించారు. ఆ వెంటే వచ్చిన బిజినెస్ సెలెక్ట్ టికెట్‌కు ఎక్కువ డబ్బు కట్టినవాళ్లకు ఏ1 నుంచి ఏ15 దక్కాయి. ముందు చోటు డబ్బుకు వచ్చాక, ఆ చోట ఊరికే నిలబడ్డ పసిపిల్లల తల్లి కాస్త జరగక తప్పలేదు. కంపెనీ ఈ మాట అనలేదు, ఇది నా లెక్క.

2009లో ఎర్లీబర్డ్ వచ్చింది. మనిషికి పది డాలర్లు కడితే మనం నిద్రపోతున్నా సరే, ముప్పై ఆరు గంటల ముందే కంపెనీ మనకు చెక్-ఇన్ చేసిపెట్టేది. పదితో మొదలైన ఆ రేటు ఏళ్లు గడిచేకొద్దీ దూరాన్నీ గిరాకీనీ బట్టి పదుల డాలర్లకు పాకింది. కట్టనివాళ్లు అలారం పెట్టుకుని లేచినా, వాళ్ల ముందు చోట్లన్నీ అప్పటికే అమ్ముడై ఉండేవి.

ఇప్పుడు ఆ రోజుల విమానం లోపలికి వెళ్లి చూద్దాం. 737-800లో 175 సీట్లు. దాదాపు ముప్పై వరసలు, నడవకు అటు మూడు, ఇటు మూడు. ఏ గ్రూపులో అరవై మంది ఎక్కేసరికి ముందు వరసల్లో కిటికీ, నడవ సీట్లు పోతాయి. ఆ తర్వాత ఆరేళ్ల దాకా వయసు పిల్లలున్న కుటుంబాలు. మొదట నాలుగేళ్లని ఉన్న ఈ హద్దును తర్వాత ఆరుకు పెంచారు. వీళ్లకు వెనకవైపు మూడేసి సీట్లు ఖాళీగా ఉన్న వరసలు బోలెడు. కాబట్టి చంటిపిల్లల తల్లులకు పెద్ద బాధ లేదు. ఏడేళ్ల పిల్ల ఉన్న ఇంటికి వద్దాం. ఆ వసతి వర్తించదు. చెక్-ఇన్ మరచిపోయారు, సీ గ్రూపు వచ్చింది. అప్పటికి ఏ, బీ కలిపి నూట ఇరవై మంది లోపల. మిగిలినవి యాభై అయిదు. విమానం మొత్తంలో మధ్య సీట్లు ఎన్నో చూడండి: అరవైకి కాస్త అటూ ఇటూ. అంటే మిగిలినవన్నీ దాదాపు మధ్య సీట్లే. ఏడేళ్ల పిల్ల ఇద్దరు కొత్తవాళ్ల నడుమ, అమ్మ నాలుగు వరసల అవతల ఇంకో ఇద్దరి నడుమ. అప్పుడు ఫ్లైట్ అటెండెంట్ మైకులో ఎవరైనా సీటు మారతారా అని బతిమాలడం మొదలవుతుంది. తలుపు వేసే వేళకు నడవలో ఈ పంచాయితీ నడుస్తుంటే, పది నిమిషాల టర్న్ కోసం పుట్టిన పద్ధతి టైమునే తినేస్తున్నట్టు.

జనం దీనికి విరుగుడు కనిపెట్టారు. ఇంట్లో ఒక్కరికే ఎర్లీబర్డ్ కొనడం, ఆ ఒక్కరూ ముందెక్కి వరసంతా ఆపడం. మన ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసినట్టే, మధ్య సీట్లో ఒక కోటు, అవతల సీట్లో ఒక బ్యాగు. సీటు ఆపొచ్చనీ, ఆపకూడదనీ కంపెనీ ఎక్కడా రాయలేదు. ఆ మౌనం ఖర్చు తక్కువ ఎత్తే. తగువు వస్తే ప్రయాణికులే తేల్చుకుంటారు, కంపెనీ మీదికి రాదు. డబ్బు కట్టి బీ10లో వచ్చినవాడికి కోటుకు కేటాయించిన సీటు చూస్తే ఒళ్లు మండడంలో తప్పూ లేదు.

ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు మన ఇళ్లలో ఇంకో ముడి పడేది. పసిపిల్లతో ముందు ఎక్కనిచ్చేది ఇద్దరు పెద్దవాళ్లనే. అమ్మమ్మా తాతయ్యా ఆ లెక్కలోకి రారు. తాతయ్యకు వీల్‌చెయిర్ అడిగితే ఆయన అందరికంటే ముందు ఎక్కుతారు గానీ, తోడు ఒక్కరినే పంపుతారు. ఎలా విడగొట్టినా ఇంగ్లీషు అంతగా రాని పెద్దావిడ ఒక్కరే ఎక్కడో మిగిలిపోవడం మామూలే. వీల్‌చెయిర్‌లో ఎక్కి, దిగేటప్పుడు చకచకా నడిచి వెళ్లిపోయేవాళ్లను చూసి అమెరికన్లు 'మహిమ విమానాలు' అని జోకులేసేవారు. ఆ జోకుల్లో అసలు రోగులకూ దెబ్బ తగిలేది.

యూరప్‌లో ఈ పద్ధతి అంతకాలం నిలవలేదు. ఈజీజెట్ 2012లో, ర్యాన్‌ఎయిర్ 2014లో సీటు నంబర్లకు మారిపోయాయి. మన దేశంలో దీన్ని పరిచయం చేసింది కెప్టెన్ గోపీనాథ్ ఎయిర్ డెక్కన్. 2003లో దాని ప్రారంభ విమానం బేగంపేట నుంచి విజయవాడకు బయల్దేరాలి. అప్పటి బీజేపీ అధ్యక్షుడు వెంకయ్య నాయుడు వంటి పెద్దలు లోపల ఉండగానే ఇంజిన్‌లో మంటలొచ్చి అందరినీ దింపేయాల్సి వచ్చింది. అయినా డెక్కన్ నిలదొక్కుకుంది, రైల్లో తిరిగేవాళ్లను విమానం ఎక్కించింది. టికెట్ మీద సీటు నంబర్ ఉండేది కాదు. బస్సు దిగీ దిగగానే మెట్ల వైపు పరుగు. 2007లో విజయ్ మాల్యా చేతికి పోయి, 2008లో కింగ్‌ఫిషర్ రెడ్‌గా పేరు మారింది. తర్వాత మన దగ్గర చౌక విమానాలన్నీ సీటు నంబర్ ఇవ్వడమే కాదు, ఆ నంబర్‌ను అమ్ముకోవడమూ నేర్చుకున్నాయి.

సీటు అమ్మకం ఎంత పెద్ద వ్యాపారమో 2024 నవంబరులో అమెరికా సెనేట్ సబ్‌కమిటీ నివేదికతో బయటపడింది. అమెరికన్, డెల్టా, యునైటెడ్, ఫ్రాంటియర్, స్పిరిట్ అనే అయిదు కంపెనీలు 2018 నుంచి 2023 మధ్య సీటు ఫీజుల మీదే 1,240 కోట్ల డాలర్లు రాబట్టాయి. పిల్లల పక్కన కూర్చోవడానికి డబ్బేమిటన్న గొడవ అప్పటికే వాషింగ్టన్‌కు చేరింది. ఆ విషయం చూడమని రవాణా శాఖకు అమెరికన్ కాంగ్రెస్ 2016లోనే చెప్పింది. ఏళ్లు గడిచాయి. 2023 ఫిబ్రవరిలో బైడెన్ తన వార్షిక ప్రసంగంలో పిల్లల్ని సామాన్లలా చూడొద్దని కంపెనీలను గట్టిగా అన్నాడు. మార్చిలో రవాణా శాఖ ఒక పట్టిక పెట్టింది. పదమూడేళ్ల దాకా వయసు పిల్లలకు పెద్దల పక్క సీటు అదనపు డబ్బు లేకుండా ఇస్తామని రాసిచ్చినవాళ్లకు పచ్చ టిక్కు. మొదట అది దక్కింది అలాస్కా, అమెరికన్, ఫ్రాంటియర్‌లకే. సీటే కేటాయించని సౌత్‌వెస్ట్ ఏ హామీ ఇవ్వగలదు? 2024 ఆగస్టులో రవాణా శాఖ దీన్ని నిబంధనగా ప్రతిపాదించింది గానీ, బైడెన్ దిగిపోయేనాటికి అది ఖరారు కాలేదు.

మన దగ్గర ఇదే పని ఒక్క ఉత్తర్వుతో అయింది. 2024 ఏప్రిల్‌లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ, పన్నెండేళ్ల దాకా వయసు పిల్లలకు అదే పీఎన్ఆర్‌లో ఉన్న అమ్మానాన్నల్లో లేదా సంరక్షకుల్లో కనీసం ఒకరి పక్కన సీటు ఇవ్వాలని ఎయిర్‌లైన్స్‌ను ఆదేశించింది. ఒకే పీఎన్ఆర్ అన్నది గమనించాలి. తాతయ్య టికెట్ విడిగా కొంటే మనవడి పక్క సీటు అడిగే హక్కు ఆయనకు రాదు.

సౌత్‌వెస్ట్ పద్ధతిని మార్చింది మాత్రం ప్రభుత్వం కాదు, పెట్టుబడిదారు. 2024 జూన్‌లో ఎలియట్ అనే పెట్టుబడి సంస్థ దాదాపు 190 కోట్ల డాలర్ల వాటా కొన్నట్టు బయటపెట్టి, లాభాలేవని యాజమాన్యం మెడ మీద కూర్చుంది. నెలన్నరకే, జూలై 25న, సీఈఓ బాబ్ జోర్డాన్ ఓపెన్ సీటింగ్ ఎత్తేస్తున్నట్టు ప్రకటించారు. తమ ప్రయాణికుల్లో 80 శాతం, రాగల ప్రయాణికుల్లో 86 శాతం సీటు నంబరే కోరుకుంటున్నారని కంపెనీ చెప్పింది. ఆ లెక్క నిజమే కావచ్చు. కాళ్లు చాపుకునే సీట్లు వేరే రేటుకు అమ్మాలంటే ముందు సీటుకో నంబర్ ఉండి తీరాలన్నదీ అంతే నిజం. 2025 మే నుంచి, అంతకాలం గొప్పగా చెప్పుకున్న రెండు ఉచిత బ్యాగుల వసతి కూడా చాలా టికెట్లకు పోయింది.

ఇప్పుడు గేటు దగ్గర ఏ, బీ, సీ లేవు, ఒకటి నుంచి ఎనిమిది దాకా గ్రూపులు. ఖరీదు టికెట్లకు సీటు ముందే ఎంచుకోవచ్చు. అన్నిటికంటే చౌకైన బేసిక్ టికెట్ కొంటే చెక్-ఇన్ వేళ కంపెనీ ఏ సీటు ఇస్తే అదే. టికెట్ కొనేటప్పుడు నలుగురికీ బేసిక్‌కూ, సీటు ఎంచుకోనిచ్చే చాయిస్‌కూ ఉన్న తేడాను నాలుగుతో గుణించి చూస్తే, పక్క సీటుకు కడుతున్నది ఎంతో అక్కడే తెలుస్తుంది.