ఇంజిను మనది, పట్టాలు పరాయివి: హెచ్‌ఓ మోడళ్లలో 2.74 మిల్లీమీటర్ల లోటు

నెల్లూరు జిల్లా బిట్రగుంట రైల్వే యార్డును బొమ్మ రైళ్లతో బల్ల మీద కట్టాలనుకునే వాళ్లు ముందుగా కొనేది హెచ్‌ఓ పట్టాలు, అంటే అసలుకు 87వ వంతు స్కేలువి. వాటి మీద డబ్ల్యూఏపీ-7 కరెంటు ఇంజిన్నో, చెన్నై ఐసీఎఫ్ ఫ్యాక్టరీ ప్రయాణికుల పెట్టెనో నిలబెట్టి ఎదురుగా చూస్తే ఒళ్లు లావుగా, కాళ్లు దగ్గరగా కనిపిస్తుంది. ఐసీఎఫ్ పెట్టె వెడల్పు 3,245 మిల్లీమీటర్లు, పట్టాల ఎడం 1,676. అంటే పెట్టె పట్టాలకు 1.94 రెట్లు. మోడల్‌లో పెట్టె 37.3 మిల్లీమీటర్లు, పట్టాల ఎడం 16.5, నిష్పత్తి 2.26 అవుతుంది. దీన్ని తయారుచేసినవాళ్ల చేతి తప్పు అనుకోవడం అన్యాయం. ఈ లోటు దాదాపు వందేళ్ల నాటిది.

మన బ్రాడ్‌గేజి 1850ల నాటి నిర్ణయం. గవర్నర్ జనరల్ డల్హౌసీ 6 అడుగులు కోరాడు, చివరికి 5 అడుగుల 6 అంగుళాల దగ్గర తేలింది. యూరప్‌లో ఎక్కువగా నడిచేది 1,435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజి, బొమ్మ రైళ్ల పరిశ్రమ పుట్టింది కూడా అక్కడే. 1922లో జర్మనీలో బింగ్ కంపెనీ బల్లమీద నడిచే చిన్న రైలును తెచ్చింది. 1935లో మెర్క్లిన్, ట్రిక్స్ ఆ దారినే వచ్చాయి. ‘ఓ’ అనే పెద్ద స్కేలులో సగం (హాఫ్ ఓ) కాబట్టి హెచ్‌ఓ: అడుగుకు 3.5 మిల్లీమీటర్లు, అంటే 1:87.1. స్టాండర్డ్ గేజికి ఈ లెక్కన 16.5 మిల్లీమీటర్లు చక్కగా సరిపోతాయి.

మొదట లెక్క తప్పింది ఇంగ్లండులో. అక్కడి ఇంజిన్లు యూరప్ ఇంజిన్ల కన్నా సన్నం. 3.5 మిల్లీమీటర్ల లెక్కన ఒళ్లు చేస్తే ఆనాటి మోటారు లోపల పట్టలేదు. అందుకని ఒంటిని అడుగుకు 4 మిల్లీమీటర్లకు పెంచి, పట్టాలను మాత్రం 16.5 దగ్గరే ఉంచేశారు. అదే ఓఓ స్కేలు, 1:76.2. దానికి నిజంగా కావలసిన ఎడం 18.83. 1938లో హార్న్‌బీ డబ్లో ఈ కొలతతోనే వచ్చి ఇంటింటికీ చేరాక ఇక వెనక్కి తిరగడం కుదరలేదు.

మనకు పడింది అంతకన్నా పెద్ద దెబ్బ. 1,676ని 87.1తో భాగిస్తే 19.24. దొరికే పట్టా 16.5. లోటు 2.74 మిల్లీమీటర్లు, నూటికి 14 వంతులు. ఓఓ వాళ్ల లోటు నూటికి 12 మాత్రమే.

రెండో తప్పు చక్రంలో ఉంది. అసలు చక్రం మందం 127 మిల్లీమీటర్లు, స్కేలులో 1.46. చాలా మోడళ్లకు వచ్చే కోడ్ 110 చక్రం (అంగుళంలో వెయ్యోవంతులు 110) మందం 2.79. పదునైన మలుపుల్లో పట్టా తప్పకుండా ఇలా చేశారు. చక్రం అడ్డుకొలత గురించి మాత్రం తొందరపడి తప్పుపట్టకూడదు: డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజిను, డబ్ల్యూఏపీ-7 చక్రం కొత్తగా 1,092 మిల్లీమీటర్లు, అరుగుదల హద్దు 1,016. స్కేలులో 12.5 నుంచి 11.7 దాకా. కాబట్టి 12 మిల్లీమీటర్ల చక్రం సగం అరిగిన నిజమైన చక్రమే. కొలిచేది పట్టా మీద దొర్లే భాగాన్ని, అంచును కాదు.

మూడోది బోగీ. ఇక్కడ బోగీ అంటే పెట్టె కాదు, ఇంజిను కింది చక్రాల చట్రం. డబ్ల్యూడీఎం-2 కింద ఉండే, అమెరికా కంపెనీ ఆల్కో రూపొందించిన ట్రైమౌంట్ బోగీలో మూడు ఇరుసుల మధ్య ఎడాలు సమానంగా ఉండవు. ఇంకేదో విదేశీ ఇంజిను చట్రం మీద మన ఒళ్లు తొడిగితే ఈ తేడా మాయమైపోతుంది. తెలిసిన కంటికి గేజి కన్నా ముందు ఇదే గుచ్చుకుంటుంది.

కొనేముందు వెర్నియర్ కాలిపర్‌తో పొడవు, ఎత్తు, చక్రం మూడూ కొలిచి, అసలు కొలతను ఒక్కోదానితో భాగించండి. మూడు జవాబులూ ఒకటే అయితే స్కేలు నిజాయితీగా ఉన్నట్టు. డబ్ల్యూఏపీ-7 బఫర్లతో కలిపి 20,562 మిల్లీమీటర్లు, 1:87.1లో 236 రావాలి. సన్‌బోర్డుతో (నురుగు ప్లాస్టిక్ పలక) చేసేవాళ్లు డ్రాయింగును ప్రింట్ తీసేటప్పుడు ‘ఫిట్ టు పేజ్’ తీసేయాలి, కాగితం మీద ఒక 100 మిల్లీమీటర్ల గీత గీయించి కొలవాలి. నూటికి మూడు వంతులు తగ్గినా ఇంజిను 7 మిల్లీమీటర్లు కురచ అవుతుంది. 3 మిల్లీమీటర్ల సన్‌బోర్డు గోడ అసలులో 26 సెంటీమీటర్ల మందం. కిటికీలు గుంటల్లా కనిపించేది అందుకే, 1 మిల్లీమీటరు షీటే వాడాలి.

సరిదిద్దే దారులు రెండు. పట్టాను 19.24కి మార్చడం ఒకటి. చక్రాల లోపలి ముఖాల మధ్య 14.4 ఉన్నదాన్ని 17.15 చేయాలి, అంటే ఇరుసు 2.75 పొడవు పెరగాలి. ఇక్కడ కోడ్ 110 చక్రాలు పెడితే మొత్తం వెడల్పు 22.7 అయి బోగీ పక్క చట్రాలకు రాసుకుంటుంది, అసలు లెక్క 21.3. కోడ్ 88 చక్రాలతో 21.6, సరిపోతుంది. పట్టాలు చేత్తోనే వేయాలి. కాంక్రీటు స్లీపరు 2,750 మిల్లీమీటర్లు, కనుక 31.6 పొడవున రాగి పొర ఉన్న సర్క్యూట్ బోర్డు ముక్కలు కోసి, నడిమి నుంచి నడిమికి 6.9 ఎడంతో పేర్చి, పట్టాలను టంకం వేయాలి. ప్రతి ముక్క మధ్యలో రాగి పొరను రంపంతో తెంచకపోతే రెండు పట్టాలూ కలిసి షార్ట్ అవుతుంది.

రెండో దారి మాకు ఎక్కువ ఇష్టం. పట్టాను వదిలేసి ఒళ్లు మార్చడం. అడుగుకు 3 మిల్లీమీటర్ల లెక్క వేస్తే, ఐదున్నర అడుగుల గేజి కచ్చితంగా 16.5. వెంట్రుక వాసి తేడా ఉండదు. స్కేలు 1:101.6, డబ్ల్యూఏపీ-7 పొడవు 202. బజారు పట్టా, చక్రాల మధ్య ఎడం అలాగే ఉంటాయి, చక్రం అడ్డుకొలత మాత్రం ఈ స్కేలుకు తగ్గట్టు చిన్నది ఎంచుకోవాలి, బోగీ చట్రాలు కొత్తగా చేసుకోవాలి. ఇతరుల హెచ్‌ఓ పెట్టెలు పక్కన పెడితే మాత్రం తేడా కనిపిస్తుంది.

ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి వైపు కథ వేరు. దొనకొండ, మార్కాపురం, గిద్దలూరు దారి 1990ల దాకా మీటర్‌గేజి. 1,000 మిల్లీమీటర్లు 1:87.1లో 11.48, హెచ్‌ఓ కన్నా చిన్నదైన టీటీ స్కేలు పట్టా 12. తేడా అర మిల్లీమీటరే. మీటర్‌గేజి ఆవిరి ఇంజిన్లలో వైపీ ఇంజిను పెద్ద చక్రం స్కేలులో 15.75, వైజీది 14. మీటర్‌గేజి స్లీపరు 1,800 మిల్లీమీటర్లు, స్కేలులో 20.7, టీటీ స్లీపర్ల పొడవు దానికి దగ్గరే, కానీ మరీ ఒత్తుగా ఉంటాయి. వాటిని కలిపే ప్లాస్టిక్ పట్టీలను కత్తిరించి, నడిమి నుంచి నడిమికి కనీసం 7 మిల్లీమీటర్ల ఎడంతో జరిపి, తరువాతే కంకర పోయాలి.