పాతర ఖాళీ అయింది గాని పూడలేదు

కడప నుంచి ఒక పాత విద్యార్థిని ఫోనులో పొడుగాటి సందేశం పంపింది. ఇరవై ఏళ్ల కిందట అనంతపురంలో నా దగ్గర ఇంటర్ జంతుశాస్త్రం చదువుకుంది. ఇప్పుడు బ్యాంకులో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. "సార్, బరువు తగ్గేందుకు వారానికోసారి పొట్ట మీద వేసుకునే సూది పది నెలలు వాడాను. 92 కిలోల నుంచి 78కి దిగాను. ఖర్చు భరించలేక మానేశాను. ఏడాది తిరిగేసరికి 87 అయ్యాను. మునుపటిలాగే తింటున్నాను తప్ప ఎక్కువేమీ తినడం లేదు. మా అత్తగారు దిష్టి అంటున్నారు. మా ఆయన నోరు కట్టుకోలేదు కాబట్టే అంటున్నారు. మీరేమంటారు?"

ముందు అత్తగారి సంగతి తేల్చేస్తాను. దిష్టి తగిలితే మనిషి చిక్కిపోవాలి గాని లావెక్కడమేమిటి? ఉప్పు, ఎండుమిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేస్తే ఇంటిల్లిపాదికీ దగ్గు వస్తుంది, అంతే. అయినా ఆమె మాటలో ఒక మంచి ఉంది. తప్పు కోడలిది కాదంటోంది. ఆ లెక్కన అమ్మాయి భర్త మాటే ఎక్కువ అశాస్త్రీయం.

ఇక అసలు విషయానికి మా అమ్మమ్మగారి ఊరి పాతర దగ్గర నుంచి వస్తాను. ఉరవకొండ వైపు పల్లె. ఇంటి ముందరే పాతర ఉండేది. నోరు ఇరుకు, అడుగు వెడల్పు, మనిషి నిలువుకు మించిన లోతు. లోపల చుట్టూ గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన మళ్లీ గడ్డి వేసి, మట్టి కప్పి మెత్తేవారు. తీసిన రోజున ఎవరినీ వెంటనే దిగనిచ్చేవారు కాదు. నోరు తెరిచి చాలాసేపు అలా వదిలేసి, తాడుకు కట్టిన దీపం లోపలికి దించేవారు. దీపం ఆరిపోయిందా, ఇంకా దయ్యం లోపలే ఉందని అర్థం. ఆ దయ్యం పేరు కార్బన్ డయాక్సైడ్. గింజలు కూడా ఊపిరి తీస్తాయి. ఉన్న ఆక్సిజన్‌ను వాడేసుకుని బరువైన వాయువును అడుగున నింపుతాయి. ముప్పై ఏళ్లు శ్వాసక్రియ పాఠం నేను ఈ దీపంతోనే మొదలుపెట్టాను. పుస్తకంలోని సున్నపు తేట కంటే ఇదే పిల్లలకు గుర్తుండేది.

పాతరలో ఇంకో విశేషం ఉంది. జొన్నలన్నీ తోడేసినా పాతర పోదు. గొయ్యి గొయ్యిలాగే ఉంటుంది. మన కొవ్వు కణం అచ్చంగా ఇలాంటిదే.

బరువు తగ్గితే కొవ్వు కణాలు కరిగిపోతాయని చాలామంది అనుకుంటారు. నేను కూడా చాలాకాలం తరగతిలో ఆ మాట వాడాను, ఒప్పుకుంటున్నాను. కరిగేది కణంలోని సరుకే గాని కణం కాదు. ఈ సంగతి తేల్చిన పద్ధతి నాకు ఎంతో ఇష్టం. 1955 నుంచి 1963 దాకా అమెరికా, సోవియట్ యూనియన్ వంటి దేశాలు ఆరుబయట అణుబాంబులు పేల్చి చూసుకున్నాయి. దానివల్ల గాలిలో కార్బన్-14, అంటే కార్బన్‌లో అరుదైన బరువైన రకం, దాదాపు రెట్టింపయింది. తరువాత ఏడాదికేడాది తగ్గుతూ వచ్చింది. గాలి నుంచి ఆకుకు, ఆకు నుంచి మనకు. ఏ కణమైనా పుట్టిన సంవత్సరంలో గాలిలో ఎంత కార్బన్-14 ఉందో దాని డీఎన్ఏలో అంతే పాళ్లలో ముద్రపడిపోతుంది. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థలో కర్స్టీ స్పాల్డింగ్ బృందం కొవ్వు కణాల డీఎన్ఏ తీసి ఆ ముద్ర చదివింది. 2008లో ప్రకటించిన ఫలితం ఇది: పెద్దవాళ్లలో ఏటా పదింట ఒక వంతు కొవ్వు కణాలు చనిపోతాయి, సరిగ్గా అన్నే కొత్తవి పుడతాయి. లెక్క మారదు. పొట్ట చిన్నది చేసే శస్త్రచికిత్స చేయించుకుని బాగా బరువు తగ్గినవాళ్లలో రెండేళ్ల తరువాత చూసినా కణాలు చిన్నవయ్యాయి గాని, సంఖ్య అంతే. పాడైన పాతర పక్కనే కొత్త పాతర తవ్వే మనిషి ఒకడు లోపల ఉన్నాడన్నమాట.

ఖాళీ పాతర ఊరికే ఉంటే బాధ లేదు. అది కేక వేస్తుంది. లెప్టిన్ అనేది తగ్గిపోవడమే ఆ కేక. 1994లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం దీన్ని పట్టుకుంది. గ్రీకులో లెప్టోస్ అంటే సన్నం. కొవ్వు కణాలే తయారుచేసి రక్తంలోకి వదిలే హార్మోన్ ఇది. ఎంత నిండుగా ఉంటే అంత ఎక్కువ. ఇదే సూదిగా ఇస్తే ప్రపంచమంతా సన్నబడుతుందని కంపెనీలు సంబరపడ్డాయి. కాని లావుగా ఉన్నవాళ్లలో అది అప్పటికే దండిగా ఉంటుంది, ఇంకాస్త పోసినా మెదడు పట్టించుకోలేదు. ఎందుకంటే లెప్టిన్ ఉన్నది "నిండింది, ఆపు" అని చెప్పడానికి కాదు. తరిగిపోతే "కరువొచ్చింది" అని చెప్పడానికి. రైతు కూడా అంతే. పాతర నిండితే దాని ఊసే ఎత్తడు. అడుగు కనిపించిందంటే మాత్రం నిద్రపోడు.

న్యూయార్క్‌లోనే రోజెన్‌బామ్, లీబెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పదో వంతు బరువు తగ్గిన మనుషులను ఆసుపత్రిలో ఉంచి కొలిచారు. తగ్గిన శరీరానికి అవసరమని లెక్కవేసిన దానికంటే కూడా తక్కువ శక్తిని ఆ శరీరాలు ఖర్చుచేస్తున్నాయి. పొదుపు మొదలైందన్నమాట. అప్పుడు లెప్టిన్‌ను సూదితో పాత మోతాదుకు తీసుకువస్తే, ఆ పొదుపు చాలావరకు సడలింది. పాతర నిండుగానే ఉందని మెదడును నమ్మించారు. అంత చిన్న అబద్ధానికి శరీరం అంతగా లొంగిపోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఖర్చు తగ్గడం ఒక ఎత్తు, ఆకలి పెరగడం ఇంకో ఎత్తు. రెండోదే పెద్దది. ఎంత పెద్దదో కొలవడం కష్టం, ఎందుకంటే మనిషి తాను తిన్నది తానే రాసిపెడితే ఆ లెక్క ఎప్పుడూ తక్కువే తేలుతుంది. దీనికి ఒక చక్కని ఉపాయం దొరికింది. కనాగ్లిఫ్లోజిన్ అని మధుమేహానికి ఒక మాత్ర ఉంది. అది రోజుకు సుమారు 90 గ్రాముల చక్కెరను మూత్రంలోకి పంపేస్తుంది. అంటే దాదాపు 360 కేలరీలు మనిషికి తెలియకుండానే బయటికి పోతాయి. (ఇక్కడ కేలరీ అన్న ప్రతిచోటా కిలోకేలరీ అని చదువుకోండి. ఈ పేరు గొడవ తీరేది కాదు.) పాతరకు అడుగున చిల్లు పడింది, యజమానికి కబురు లేదు. ఏడాది పాటు రోజుకు 360, కిలో కొవ్వుకు 7,700 కేలరీలు. మన పాఠ్యపుస్తకపు లెక్క ప్రకారం ఏడాదికి 17 కిలోలు తగ్గాలి. నిజంగా తగ్గింది మూడు నాలుగు కిలోలు. అక్కడ ఆగిపోయింది.

మిగిలింది ఎక్కడికి పోయింది? తెలియకుండానే తిన్నారు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ బృందం 2016లో ఆ మాత్ర వాడినవారి బరువు తగ్గిన తీరు నుంచి వెనక్కి లెక్కకట్టింది. తగ్గిన ప్రతి కిలోకూ ఆకలి రోజుకు సుమారు 100 కేలరీలు పెరుగుతుంది, ఖర్చు 20 నుంచి 30 కేలరీలు తగ్గుతుంది. రెండూ కలిపి 120 అనుకోండి. 360ని 120తో భాగిస్తే 3. బరువు ఎక్కడ ఆగాలో అక్కడే ఆగింది! ఈ భాగహారం చూసిన రోజు ఎవరికైనా చెబుదామని గేటు దాకా వెళ్లాను. పాలవాడు తప్ప ఎవరూ దొరకలేదు.

ఇప్పుడు కడప అమ్మాయి 14 కిలోలు తీసుకోండి. ఇదే సూత్రంతో పోతే ఆకలి రోజుకు 1,400 కేలరీల మేర పెరిగి ఉంటుంది. మూడు కిలోల లెక్కను పద్నాలుగు దాకా సాగదీయడం మరీ ఎక్కువంటారా, సగమే వేసుకోండి. 700. వంద గ్రాముల రాగిపిండిలో 320 కేలరీలు. అంటే రోజూ రెండు సంగటి ముద్దలు అదనంగా తినమని ఒక గొంతు ఆగకుండా చెబుతూ ఉంటుంది. పక్కన వేరుశనగ పచ్చడిని నేను లెక్కలో వేయలేదు.

మరి సూది వాడినంతకాలం ఆ గొంతు ఏమైంది? భోంచేయగానే చిన్నప్రేగు జీఎల్‌పీ-1 అనే హార్మోన్‌ను వదులుతుంది. దాని ఆయుష్షు రెండు నిమిషాలు. ఇలాంటి సూదుల్లో ఉండే సెమాగ్లూటైడ్ అనే మందు దానికి నకలే. దానికొక కొవ్వు ఆమ్లపు తోక తగిలించారు. ఆ తోకతో రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని వేలాడుతూ, సగం తరిగేందుకే వారం తీసుకుంటుంది. మెదడు కాండంలోను, ఆకలిని అదుపుచేసే హైపోథలామస్ అనే మెదడు భాగంలోను కూర్చుని కడుపు నిండిన భావన కలిగిస్తుంది. ఇదే కోవకు చెందిన టిర్జెపటైడ్ అనే మందు ఇంకో హార్మోన్ పని కూడా చేస్తుంది. పాతర అరుస్తూనే ఉంది, మందు మెదడు చెవిలో దూది పెట్టింది. పాతరలో ఒక్క గింజ కూడా వేయలేదు.

ఆఖరి సూది తరువాత వారానికి సగం, రెండో వారానికి పావు, అయిదో వారానికి ముప్పై రెండో వంతు. దూది ఊడింది. ఆ క్షణానికి పాతర అత్యంత ఖాళీగా ఉంది కాబట్టి కేక అత్యంత గట్టిగా వినిపిస్తుంది. అందుకే తొలి నెలల్లో బరువు జోరుగా వస్తుంది. వచ్చేకొద్దీ కేక తగ్గుతుంది, జోరూ తగ్గుతుంది.

ఆమె "మునుపటిలాగే తింటున్నాను" అంది చూశారా, ఏ మునుపు? 92 కిలోల మునుపు. 78 కిలోల శరీరానికి అది విందు భోజనం.

సెమాగ్లూటైడ్ పెద్ద పరిశోధనలో 327 మందిని మందు ఆపిన తరువాత కూడా ఏడాది గమనించి 2022లో ఫలితం ప్రకటించారు. వారిలో మందు అందుకున్నవారు 68 వారాల్లో సగటున 17.3 శాతం తగ్గారు. మానేశాక అందులో 11.6 తిరిగి వచ్చింది. మూడింట రెండు వంతులు. అమ్మాయి 14లో 9 దాదాపు అదే నిష్పత్తి. ఆమె బలహీనురాలు కాదు, సగటు మనిషి. టిర్జెపటైడ్ విషయంలో ఇంకా గడుసుగా చేశారు. 36 వారాల్లో 20.9 శాతం తగ్గినవారిలో సగం మందికి చెప్పకుండా సూదిలో ఉత్త ద్రవం ఇచ్చారు. ఆహారం, వ్యాయామం సలహాలు అందరికీ నడుస్తూనే ఉన్నాయి. ఏది తమకు అందుతోందో వాళ్లకు తెలియదు. ఉత్త ద్రవం అందినవారు ఏడాదిలో 14 శాతం పెరిగారు. వాళ్లాయనకు ఈ పేరా చూపించమని అమ్మాయికి చెప్పాను.

ఒక జాగ్రత్త. పాతర, కరువు అన్నాను గదా అని రాయలసీమ ధాత కరువు వల్లే మనకు పొట్టలొచ్చాయని ఎవరూ మొదలుపెట్టవద్దు. పొదుపు జన్యువు అని, అంటే కరువుల్లో బతికించిన జన్యువులే ఇప్పుడు చేటు చేస్తున్నాయని, 1962లో జేమ్స్ నీల్ అనే జన్యుశాస్త్రవేత్త ఒక ఊహ చేశాడు, దాని మీద పోట్లాట ఇంకా తెగలేదు. నా పోలిక కణం వరకే.

ఇంకో కొత్త సంగతి మాత్రం పోలికకు బాగా అతుకుతుంది. 2024లో జ్యూరిచ్ శాస్త్రవేత్తలు బరువు తగ్గిన మనుషుల, ఎలుకల కొవ్వు కణాలను పరీక్షించారు. ఏ జన్యువు తెరుచుకోవాలి, ఏది మూసుకోవాలి అని డీఎన్ఏను అంటిపెట్టుకుని ఉండే గుర్తులు లావు రోజుల్లో ఎలా మారాయో, తగ్గాక కూడా ఎలుకల్లో చాలావరకు అలాగే ఉన్నాయి. ఆ ఎలుకలకు మళ్లీ కొవ్వు తిండి పెడితే మామూలు ఎలుకల కంటే త్వరగా లావెక్కాయి. గోడకు అంటిన జొన్న వాసన అన్నమాట.

ఏం చేయాలని అడిగింది. నేను వైద్యుణ్ణి కాను. రక్తపోటు మాత్ర మానేస్తే రక్తపోటు పెరిగిందని ఎవరూ ఆశ్చర్యపోరు, ఇదీ అదే కోవ. ఈ మాట మొదటి సూదికి ముందే చెప్పాల్సింది, ఆమెకు సూది రాసిన చోట ఎవరూ చెప్పలేదట. తగ్గిన బరువులో పాతిక నుంచి నలభై శాతం దాకా కొవ్వు కాని కండ వంటిది పోతుంది, తిరిగి వచ్చేది ఎక్కువగా కొవ్వే. కాబట్టి మందు నడుస్తుండగానే బరువులెత్తాలి, పప్పు, గుడ్డు తగ్గకూడదు. మానాలంటే వైద్యుడితో మాట్లాడాకే. మన దేశంలో సెమాగ్లూటైడ్ పేటెంటు గడువు 2026 మార్చి వరకే కాబట్టి ధర సంగతి మళ్లీ అడిగి చూడమన్నాను. జీలకర్ర నీళ్ల గురించి అడగవద్దన్నాను.

రెండు రోజులకు మళ్లీ రాసింది. "అయితే సార్, పాతరనే పూడ్చేయలేమా? కొవ్వు పీల్చేసే ఆపరేషన్ ఉంది కదా, అది కణాలను కూడా తీసేస్తుంది కదా?"

మంచి ప్రశ్న. తరగతిలో మూడో బెంచీ నుంచి కూడా ఇలాగే అడిగేది. అమెరికాలో కొలరాడో పరిశోధకులు అదీ చూశారు. కొందరు ఆడవాళ్లకు తొడలు మొదలైన చోట్ల కొవ్వు పీల్చేశారు, కణాలతో సహా. మరికొందరికి ఏమీ చేయకుండా పోల్చారు. 2011లో ఫలితం వచ్చింది. ఏడాది తిరిగేసరికి తీసినంత కొవ్వూ తిరిగి చేరింది. తొడల్లోకి మాత్రం రాలేదు. పొట్టలోకి వెళ్లింది.