రెండు పనుల్లోనూ పోర్చుగల్‌దే పైచేయి, అయినా బట్ట ఇంగ్లండ్ నుంచే కొనాలట!

మన దగ్గరే తక్కువ ఖర్చుతో తయారయ్యే సరుకును పరాయి దేశం నుంచి తెప్పించుకోవడం బుద్ధి తక్కువ పని అనిపిస్తుంది కదా. 1776లో ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ కూడా ఎవరు ఏది చవగ్గా చేయగలరో వాళ్లు అది చేసి, మిగతాది కొనుక్కోమన్నాడు. దీన్నే నిరపేక్ష ప్రయోజనం అంటారు. మరి రెండు సరుకులూ ఒకే దేశం చవగ్గా చేస్తుంటే రెండో దేశం ఏం అమ్ముకోవాలి?

1817లో ఇంగ్లండ్ ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో సరిగ్గా ఇలాంటి లెక్కే వేశాడు. ఏడాదిలో కొంత బట్ట నేయడానికి ఇంగ్లండ్‌లో 100 మంది, కొంత వైన్ తీయడానికి 120 మంది కావాలనుకోండి. అంతే బట్టకి పోర్చుగల్‌లో 90 మంది, అంతే వైన్‌కి 80 మంది చాలు. రెండింట్లోనూ పోర్చుగలే మెరుగు. అయితే ఆ 90 మందినీ మగ్గాల మీద కూర్చోబెడితే వాళ్లు తీయగలిగిన వైన్ పోయినట్టే, అంటే ఒక వంతు బట్ట కోసం పోర్చుగల్ 1.125 వంతుల వైన్ వదులుకుంటోంది. ఇంగ్లండ్ వదులుకునేది సుమారు 0.83 వంతే. ఇలా చూస్తే బట్ట ఇంగ్లండ్‌లోనే చవక! ఇదే తులనాత్మక ప్రయోజనం. ఒక వంతు బట్టకి ఒక వంతు వైన్ చొప్పున మార్చుకుంటే, 120 మంది తీయాల్సిన వైన్ ఇంగ్లండ్‌కి 100 మంది నేసిన బట్టతోనే వస్తుంది, 90 మంది నేయాల్సిన బట్ట పోర్చుగల్‌కి 80 మంది తీసిన వైన్‌తోనే వస్తుంది. అంటే ఇంగ్లండ్‌కి 20 మంది, పోర్చుగల్‌కి 10 మంది శ్రమ మిగులుతుంది. ఎవరూ ఒక్క గంట ఎక్కువ పనిచేయకుండానే! నాకు అర్థశాస్త్రంలో ఇంతకంటే అందమైన లెక్క కనిపించలేదు.

కానీ 20, 10 అని పంచింది ఎవరు? మారకం రేటు, అంటే ఒక వంతు బట్టకి బదులు ఇచ్చే వైన్, 0.83కీ 1.125కీ మధ్య ఎక్కడున్నా ఇద్దరికీ లాభమే, ఎవరికెంత అన్నది మాత్రం బేరంలో తేలుతుంది. ఆ బేరంలో రాజకీయం ఎప్పుడూ ఉంది. 1703 మెథ్యూన్ ఒప్పందంతో పోర్చుగల్ ఇంగ్లిష్ ఉన్ని బట్టలకు తలుపులు తెరిచింది, బదులుగా పోర్చుగీసు వైన్‌పై ఇంగ్లండ్ ఫ్రెంచ్ వైన్ కన్నా మూడో వంతు తక్కువ సుంకం వేసింది. అదే ఇంగ్లండ్, మన మచిలీపట్నం లాంటి రేవుల నుంచి వెళ్లే అద్దకం బట్టలు తన నేతగాళ్లకు పోటీ అనిపించగానే, 1700లో భారతదేశపు అద్దకం బట్టల దిగుమతిని నిషేధించింది, 1721లో చాలా రకాల నూలు అద్దకాల్ని ఒంటిమీద వేసుకోవడం కూడా నేరం చేసింది. సిద్ధాంతం పుట్టిన దేశమే తన పరిశ్రమను ఇలా కాపాడుకుందని పాఠ్యపుస్తకాల్లో ఇంకా గట్టిగా చెప్పాలి.

ఇంకో సంగతి రికార్డో స్వయంగా రాశాడు. పెట్టుబడి, కూలీలు దేశం దాటి స్వేచ్ఛగా వెళ్లగలిగితే బట్ట, వైన్ రెండూ పోర్చుగల్‌లోనే తయారుచేసుకోవడం ఇంగ్లండ్ పెట్టుబడిదారులకూ వినియోగదారులకూ లాభం అన్నాడు. సొంత దేశం వదిలి వెళ్లడానికి మనుషులు ఇష్టపడరు, పరాయి ప్రభుత్వం కింద డబ్బు పెట్టడానికి భయపడతారు కాబట్టి అలా జరగదని అతని నమ్మకం. ఇవాళ ఫ్యాక్టరీ పెట్టే కంపెనీకి ఆ భయం చాలావరకు పోయింది, అందుకే 1817 నాటి లెక్కను ఇప్పటి వ్యాపారానికి వాడేటప్పుడు ముందు ఆ షరతు నిలుస్తోందో లేదో చూసుకోవాలి.