కర్రు లేని నాగలి: రక్తంలో థైమస్ హార్మోన్‌ని కొలిచేదెలా?

"మా బాబుకి మూడేళ్లు. నెల తిరక్కుండా జలుబు, జ్వరం. థైరాయిడ్‌కి ఉన్నట్టు థైమస్ హార్మోన్‌కి కూడా రక్తపరీక్ష ఉంటుందాండీ?" అని ఒక తల్లి అడిగారు. మన ల్యాబుల్లో మామూలుగా చేసే పరీక్షల్లో అలాంటిది లేదమ్మా. నలుగురు పిల్లల్లో తిరగడం మొదలెట్టిన వయసులో జలుబులు తరచూ వస్తాయి. బరువు పెరగకపోయినా, న్యుమోనియా మళ్లీ మళ్లీ వస్తున్నా మాత్రం పిల్లల డాక్టరుకి చూపించండి. ఇక ఆ పరీక్ష ఎందుకు లేదన్నది చాలా మంచి ప్రశ్న. దాని వెనక నాకెంతో ఇష్టమైన ప్రయోగం ఒకటుంది.

థైమస్ ఎదురొమ్ము ఎముక వెనక, గుండెకి కాస్త పైన ఉంటుంది. మన పాఠ్యపుస్తకాలు దీన్ని బాలగ్రంథి అంటాయి. చక్కని పేరు. చిన్నతనంలో నిండుగా ఉండి, యౌవనం దాటాక కుంచించుకుపోయి కొవ్వుగా మారుతుంది. రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాల్లో ఒక రకమైన టి-కణాలు ఇక్కడే తయారవుతాయన్నది బడిలో చదివిందే కనుక దాని జోలికి పోను.

1970ల మొదట్లో పారిస్ నెకెర్ ఆసుపత్రిలో జాన్-ఫ్రాన్స్వా బాక్, మిరేయ్ దార్దెన్ ఈ గ్రంథి రక్తంలోకి వదిలే పదార్థం కోసం వెతికారు. అది ఉన్నదే రవ్వంత. తూకానికి దొరకదు. అందుకని అది చేసే పనిని పట్టుకున్నారు.

చిట్టెలుక ప్లీహంలోని కణాలని గొర్రె ఎర్ర రక్తకణాలతో కలిపితే, కొన్ని కణాల చుట్టూ ఎర్రకణాలు అంటుకుంటాయి. మైక్రోస్కోపు కింద ముద్దబంతి పువ్వుల్లా కనిపిస్తాయి. వీటిని రోజెట్‌లంటారు. అజాథయోప్రిన్ అనే మందు కొద్దిగా, మిల్లీలీటరుకి 10 మైక్రోగ్రాములు, వేస్తే మామూలు ఎలుక కణాల్లో ఈ పూలు కట్టవు. థైమస్ తీసేసిన ఎలుక కణాలు మాత్రం ఆ మోతాదుకి లొంగవు, పూలు కడుతూనే ఉంటాయి. వాటికి మనిషి సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం, జోడించి చూడండి. అందులో థైమస్ హార్మోన్ ఉంటే కణాలు మళ్లీ మందుకి లొంగుతాయి, పూలు తగ్గిపోతాయి. సీరాన్ని సగానికి సగం పలచన చేసుకుంటూ పోయి ఎక్కడిదాకా పనిచేసిందో చూస్తారు. 1:32 దాకా పనిచేస్తే ఫలితం 5, ఎందుకంటే 2ని 5 సార్లు గుణిస్తే 32. అంటే ఈ పరీక్షకి ఆపరేషన్ చేసిన ఎలుక కావాలి, గొర్రె రక్తం కావాలి, మైక్రోస్కోపు ముందు ఓపిగ్గా పూలు లెక్కపెట్టే మనిషి కావాలి. వీధి చివరి ల్యాబులో ఇది ఎలా కుదురుతుంది?

1977కి దాని నిర్మాణం తేలింది. తొమ్మిది అమైనో ఆమ్లాల పొట్టి గొలుసు: పైరోగ్లుటామిక్ ఆమ్లం, అలనీన్, లైసీన్, సెరీన్, గ్లుటమీన్, గ్లైసీన్, గ్లైసీన్, సెరీన్, ఆస్పరజీన్. తర్వాత దీనికి థైములిన్ అని పేరొచ్చింది. 1982లో దార్దెన్ బృందం ఒక వింత చూపించింది. లోహాలని లాగేసే రెజిన్‌తో కలిపితే ఈ హార్మోన్ పని ఆగిపోయింది. జింక్ కలిపితే మళ్లీ మొదలైంది. గొలుసు చెక్కుచెదరలేదు, పోయిందల్లా జింక్ పరమాణువే.

కర్రు ఊడిన నాగలిని తలుచుకోండి. నాగలి ఆ గొలుసు, కర్రు జింక్. మేడి ఉంది, ఏడికోల ఉంది, వడ్రంగి పనిలో లోపం లేదు. కానీ మట్టి తిరగదు. పెరట్లో ఎన్ని నాగళ్లున్నాయో లెక్కపెట్టడం ఒక పద్ధతి. పొలంలో ఎన్ని చాళ్లు పడ్డాయో చూడటం ఇంకో పద్ధతి. గొలుసుని గుర్తుపట్టి అంటుకునే, కర్రుని పట్టించుకోని యాంటీబాడీతో కొలిస్తే పెరట్లో లెక్క వస్తుంది. రోజెట్ పరీక్ష చాళ్లనే చూస్తుంది. రెండు లెక్కలూ కలవకపోతే రెండూ తప్పని కాదు, మధ్యలో కమ్మరి లేడని.

అందుకే ఒకే సీరాన్ని రెండుసార్లు పరీక్షిస్తారు, ఉన్నది ఉన్నట్టు ఒకసారి, కాస్త జింక్ కలిపి ఒకసారి. రెండోసారి అంకె పెరిగితే నాగళ్లున్నాయి, కర్రులే లేవు. పెరగకపోతే వడ్రంగే, అంటే థైమస్సే, పని మానేసింది. 1984లో ఇటలీకి చెందిన నికోలా ఫాబ్రిస్ బృందం వృద్ధుల రక్తంతో, డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి రక్తంతో ఇలాగే చూసింది. గ్రంథి చచ్చిపోయిందనుకున్న చోట కర్రు లేని నాగళ్లు బయటపడ్డాయి! బిహార్‌లోని బక్సర్‌లో పుట్టి అమెరికాలో పనిచేసిన ఆనంద ప్రసాద్ బృందం 1988లో వాలంటీర్లకి జింక్ తక్కువున్న తిండి పెట్టి కొలిచింది. థైములిన్ పనితనం పడిపోయింది. మనిషికి జింక్ ఇచ్చినా, పరీక్షనాళికలో కలిపినా తిరిగొచ్చింది.

ఇది చదివి జింక్ మాత్రలు డబ్బాలకొద్దీ కొనకండి. ఎక్కువైతే ఒంట్లో రాగి తగ్గిపోతుంది. ఎదురొమ్ము మీద వేళ్లతో తడితే థైమస్ మేల్కొంటుందని చెప్పే వీడియోలు తిరుగుతున్నాయి. ఎముక మీద తడితే గ్రంథి మేల్కోదు. విరేచనాలైన పిల్లలకి ఓఆర్ఎస్‌తో పాటు 14 రోజులు ఇచ్చే జింక్ సంగతి వేరు, అది వైద్యం. మానకుండా వేయండి.

ఇప్పుడు థైమస్‌ని చూడాలంటే హార్మోన్ వెంట పడరు. టి-కణం తన గ్రాహకం జన్యువుని కత్తిరించి అతుక్కునేటప్పుడు చిన్న డీఎన్‌ఏ ఉంగరాలు మిగులుతాయి. వాటిని ట్రెక్‌లంటారు. వడ్రంగి పాక ముందు పడిన చెక్కపేళ్లు చూసి లోపల పని సాగుతోందో లేదో చెప్పినట్టు, వీటిని లెక్కపెట్టి చెబుతారు. అమెరికాలోని విస్కాన్సిన్‌లో 2008 నుంచి అప్పుడే పుట్టిన పిల్లల మడమ నుంచి తీసి కాగితం మీద ఆరబెట్టిన రక్తపు చుక్కలో ఈ పేళ్ల కోసం చూస్తున్నారు. అవి కనబడకపోతే ఆ బిడ్డకి టి-కణాలు తయారవడం లేదేమోనని అనుమానించి, మొదటి జబ్బు తగలకముందే వెంటనే మిగతా పరీక్షలు చేస్తారు.