బి సెల్‌లో ఆ "బి" ఎవరిది?

ఒక పాఠకుడు అడిగారు, "ఇమ్యునాలజీలో (ఒంటి రోగనిరోధక శక్తిని చదివే శాస్త్రం) ఫలానా ప్రొఫెసర్ గారి హెచ్-ఇండెక్స్ 60 అట, అంటే చాలా గొప్ప సైంటిస్టనేగా?" అని. ఒక్కమాటలో చెప్పలేను గానీ ఆ 60 ఎలా వస్తుందో చూస్తే సగం సంగతి తేలిపోతుంది.

ఈ హెచ్-ఇండెక్స్ 2005లో హోర్హే హిర్ష్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ పెట్టిన లెక్క. ఒక మనిషి పేపర్లన్నీ తీసుకుని ఎక్కువ సైటేషన్లు (అంటే వేరేవాళ్లు తమ పేపర్లలో దాన్ని పేర్కొన్న సార్లు) వచ్చినది పైన, తక్కువ వచ్చినది కింద పేర్చాలి. ఐదు పేపర్లున్నాయి, వాటికి 100, 40, 6, 3, 2 సైటేషన్లు అనుకోండి. పైనుంచి దిగుతూ రండి. మొదటిదానికి కనీసం 1 ఉండాలి, ఉంది. రెండోదానికి 2, ఉన్నాయి. మూడోదానికి 3, ఉన్నాయి. నాలుగోదానికి 4 కావాలి, ఉన్నవి మూడే, అక్కడితో ఆగాం. హెచ్ 3. ఇప్పుడా 100 కొట్టేసి 50,000 వేయండి. అయినా 3యే! సబ్జెక్టునే తిరగేసిన పేపర్ ఒక్కటే రాసి ఊరుకున్నవాడికి జీవితాంతం 1 తప్ప రాదు. పాలీ మాట్జింగర్ అనే ఇమ్యునాలజిస్టు 1978లో తన పేపర్‌కి సహరచయితగా గలాడ్రియల్ మిర్క్‌వుడ్ అని ఒక పేరు వేసింది, ఆ పేరు ఆవిడ పెంపుడు కుక్కది. ఈ లెక్కన ఆ కుక్కకీ 1 వస్తుంది మరి.

పోనీ మొత్తం సైటేషన్లే చూద్దామా అంటే, ఎక్కువ సైటేషన్లు తెచ్చుకునేది తరచుగా పద్ధతి చెప్పే పేపర్. ప్రోటీన్ ఎంతుందో కొలవడం గురించి 1951లో లౌరీ బృందం రాసిన దానికి 3 లక్షల పైనే ఉన్నాయి. వాడుకున్న ప్రతివాడూ దాని పేరు రాయాలి కదా, అందుకని.

ఇక నాకు ఎప్పటినుంచో పిచ్చి పట్టించిన కోడి కథ. కోడికి తోక అడుగున, మలద్వారానికి దగ్గర్లో ఒక చిన్న సంచి ఉంటుంది, బర్సా అంటారు. దాన్ని వర్ణించిన ఇటలీ శరీరశాస్త్రజ్ఞుడు ఫాబ్రిసియస్ 1619లో పోయాడు, ఆ రాత 1621లో అచ్చయింది, ఆ తర్వాత మూడొందల ఏళ్లకి పైగా అది దేనికో ఎవరూ తేల్చలేదు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో బ్రూస్ గ్లిక్ అనే కుర్రాడు అది మొదటి కొన్ని వారాల్లోనే గబగబా పెరుగుతుందని గమనించి, చిన్న కోడిపిల్లల్లోనే దాన్ని కోసి తీసేసి చూశాడు. ఏం కాలేదు, కోళ్లు శుభ్రంగా తిరిగాయి. తర్వాత తోటి విద్యార్థి టిమోతీ చాంగ్, క్లాసులో యాంటీబాడీలు (క్రిముల మీద పోరాటానికి ఒళ్లు తయారుచేసే ప్రోటీన్లు) చూపించడానికి కోళ్లు కావాలంటే గ్లిక్ కోళ్లు తీసుకెళ్లి సాల్మొనెల్లా అనే బాక్టీరియా యాంటిజెన్ (యాంటీబాడీలు పుట్టించే పదార్థం) ఎక్కించాడు, కొన్నిట్లో యాంటీబాడీలు రానే లేదు, డెమో పాడైపోయింది, తీరా రికార్డులు తిరగేస్తే అవి సంచి తీసేసిన కోళ్లు!

పేపర్ సైన్స్ పత్రికకి పంపితే తిప్పి పంపారు, ఇదెలా జరుగుతోందో ఇంకా వివరించాలన్నారు. చివరికి 1956లో పౌల్ట్రీ సైన్స్‌లో వచ్చింది, అంటే కోళ్ల పెంపకం వాళ్లు చదివే పత్రికలో. ఇమ్యునాలజిస్టులు దాన్ని ఎందుకు తెరుస్తారు?

1965లో మాక్స్ కూపర్ అనే పరిశోధకుడి బృందం దీన్ని ఇంకా లోతుకి తీసుకెళ్లింది. ఇక్కడ కిటుకేంటంటే గుడ్డులోంచి బయటికొచ్చేసరికే కొన్ని కణాలు సంచి దాటి వెళ్లిపోయి ఉంటాయి, ఉత్తినే కోస్తే అవి మిగిలిపోతాయి, అందుకని కోతతో పాటు రేడియేషన్ కూడా ఇచ్చి వాటినీ తుడిచేశారు. సంచి లేనివాటికి యాంటీబాడీలూ లేవు, వాటిని తయారుచేసే ప్లాస్మా కణాలూ లేవు. థైమస్ అనే ఇంకో అవయవం తీసేసినవాటిలో దెబ్బ వేరేచోట తగిలింది, పరాయి చర్మం అతికిస్తే తిప్పికొట్టే శక్తి తగ్గింది. అంటే లింఫోసైట్లు (రోగనిరోధక శక్తినిచ్చే తెల్ల రక్తకణాలు) రెండు రకాలన్నమాట. 1969 నాటికి థైమస్‌వి టి సెల్స్, బర్సావి బి సెల్స్ అని పేర్లు పెట్టేశారు.

ఇప్పుడు ఏ ఇమ్యునాలజీ పేపర్ తెరిచినా బి సెల్, బి సెల్, బి సెల్. వాటిలో గ్లిక్‌ని పేర్కొనేది ఎన్ని? ఒక విషయం అందరికీ తెలిసిపోయాక దానికి సైటేషన్ ఇవ్వడం మానేస్తారని సోషియాలజిస్టు రాబర్ట్ మెర్టన్ ఎప్పుడో చెప్పాడు. డీఎన్ఏ అన్న ప్రతిసారీ దాని ఆకారం తేల్చిన వాట్సన్, క్రిక్‌ల పేపర్ ఎవరూ రాయరుగా. కాబట్టి, పాఠకుడు గారూ, మీ ప్రొఫెసర్ గారి 60 చూస్తే ఆయన పేపర్లు కనీసం అరవై బాగానే చలామణీ అవుతున్నాయని తెలుస్తుంది, అంతే. నంబర్ చూసి మనిషిని తూచడం నాకు జాతకం చూసి పెళ్లి కుదిర్చినట్టే అనిపిస్తుంది. ఆయన చూపించినదాన్ని పక్క ల్యాబుల వాళ్లు పేరు కూడా తలుచుకోకుండా వాడేస్తున్నారా అన్నది అక్కడ కనపడదు.

మనుషులకీ ఎలుకలకీ ఆ సంచి లేదు. మన బి కణాలు పుట్టేది పిండంలో కాలేయంలో, తర్వాత ఎముక మజ్జలో అని 1970ల్లో తేలింది. మజ్జని ఇంగ్లీషులో బోన్ మారో అంటారు కాబట్టి అక్షరం మార్చే పనే పడలేదు. దాంతో చాలామంది టీచర్లు బి అంటే బోన్ మారో అని చెప్పేస్తున్నారు, నాకూ అలాగే చెప్పారు, పరీక్షలో రాస్తే మార్కులు కూడా వేశారు.