పెట్రోలులో ఇథనాల్: ఊళ్లదాకా వచ్చిన వాదన వెనుక కథ

2025లో దేశంలో పెట్రోలులో ఇథనాల్ (చెరకు, ధాన్యంతో తీసే ఆల్కహాల్) వాటా 20 శాతానికి చేరింది. మనం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతే కాబట్టి ఇలా కలపక తప్పదన్నది కేంద్రం మాట. మాటలో నిజం ఉంది. కానీ ఈ పథకం ఎప్పుడు ఊపందుకుంది, ఎప్పుడు చతికిలబడింది అని చూస్తే, నిర్ణయం చాలాసార్లు చమురు ధరను బట్టి కాక గోదాముల్లో పేరుకున్న చక్కెరను, బియ్యాన్ని బట్టి జరిగిందని తెలుస్తుంది. నారాయణపేట నుంచి నిర్మల్ దాకా ఇథనాల్ ఫ్యాక్టరీల మీద రేగిన గొడవలు అర్థం కావాలంటే ఈ పాత కథ తెలియాలి.

ఆలోచన కొత్తది కాదు. నిజాం కాలంలోనే బోధన్ చక్కెర ఫ్యాక్టరీ దగ్గర చక్కెర తీయగా మిగిలే మడ్డితో 'పవర్ ఆల్కహాల్', అంటే ఇంధనంగా వాడే ఇథనాల్ తీశారు. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడే, 1948లో, కేంద్రం పవర్ ఆల్కహాల్ చట్టం తెచ్చింది. చట్టం ఉన్నా పెట్రోలు బంకుల్లో పెద్దగా మార్పు రాలేదు. చవకగా చమురు దొరుకుతున్నంత కాలం ఎవరికీ ఆ అవసరం కనిపించలేదు. మడ్డి మీద సారా డిస్టిలరీల కన్ను, రసాయన పరిశ్రమల కన్ను, ఎక్సైజ్ ఆదాయం కోసం రాష్ట్రాల కన్ను ఎప్పుడూ ఉండేవి.

1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు ఆంక్షలు పెట్టాయి. బ్యారెల్ మూడు డాలర్ల దగ్గరున్న ధర కొద్ది నెలల్లోనే పన్నెండు డాలర్ల దరిదాపులకు ఎగబాకింది. పెట్రోలు ధర పెంపునకు నిరసనగా ఆ నవంబరులో వాజ్‌పేయి ఎడ్లబండి మీద పార్లమెంటుకు వచ్చారు. అదే దెబ్బ తిన్న బ్రెజిల్ 1975లో చెరకు ఇథనాల్‌ను జాతీయ కార్యక్రమం చేసుకుంది. మనకు 1974లో బొంబాయి హైలో చమురు దొరికింది. దాంతో ప్రత్యామ్నాయాల గురించిన తొందర తగ్గిపోయింది. 1982లో సంప్రదాయేతర ఇంధన వనరుల విభాగం పెట్టినా, వాహనాల ఇంధనం అలాగే ఉండిపోయింది. వాడుకలో లేని 1948 చట్టాన్ని 2000లో రద్దు చేశారు.

మూడేళ్లు తిరగకుండానే, 2003 జనవరిలో, ప్రధానిగా ఉన్న వాజ్‌పేయి హయాంలోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సహా తొమ్మిది రాష్ట్రాల్లో 5 శాతం కలపడం మొదలైంది. మరుసటి ఏడే చెరకు దిగుబడి పడిపోయి, మడ్డి కరువై, పథకం ఐచ్ఛికంగా మారింది. 2006లో మళ్లీ మొదలుపెట్టారు. 2009 విధానం 2017కల్లా 20 శాతం అంది. 2013-14 నాటికి కలిపింది ఒకటిన్నర శాతమే.

ఆ తర్వాత పరిస్థితి మారడానికి అసలు కారణం చక్కెర. 2017-18లో ఉత్పత్తి విపరీతంగా పెరిగి, ధర పడిపోయి, మిల్లులు రైతులకు వేల కోట్ల బకాయిలు పడ్డాయి. 2018 జీవ ఇంధన విధానం చెరకు రసంతో నేరుగా ఇథనాల్ తీయడానికి దారి తెరిచింది, నూకలకూ పాడైన ధాన్యానికీ తలుపులు తీసింది. 2020 ఏప్రిల్‌లో మరో అడుగు పడింది: భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) దగ్గర మిగులున్న బియ్యాన్ని ఇథనాల్‌కు ఇవ్వవచ్చన్నారు. అది లాక్‌డౌన్ కాలం. వలస కూలీలు పిల్లలను చంకనేసుకుని రోడ్ల వెంట నడుస్తున్న రోజులు. తిండిగింజలు ముందు ఎవరికి చేరాలన్న ప్రశ్న అప్పుడే గట్టిగా వినిపించింది. అది ఈనాటికీ న్యాయమైన ప్రశ్నే.

ఆ ప్రశ్నను ప్రభుత్వమే 2023లో ఒప్పుకున్నట్టయింది. వర్షాలు తగ్గి ధరలు పెరిగే భయంతో జులైలో ఎఫ్‌సీఐ బియ్యం ఆపేసింది. డిసెంబరులో చెరకు రసం వాడకానికి అడ్డుకట్ట వేసి, పది రోజులు తిరక్కుండానే కొంత సడలించింది. డిస్టిలరీలు మొక్కజొన్న మీద పడ్డాయి. మక్కలు పండించే రైతుకు ధర వచ్చింది, కోళ్లఫారాలవాళ్లకు దాణా ఖర్చు పెరిగింది. 2024 ఆగస్టులో అదే ఎఫ్‌సీఐ బియ్యం మళ్లీ డిస్టిలరీలకు తెరుచుకుంది, 2025 జనవరిలో దాని ధర కిలో రూ. 22.50కి తగ్గింది.

నీటి సంగతి కేంద్రానికి సలహాలిచ్చే నీతి ఆయోగే 2021 నివేదికలో రాసింది: చెరకుతో లీటరు ఇథనాల్ తీయాలంటే దాదాపు 2,860 లీటర్ల నీళ్లు కావాలి. పాత కార్లకు మైలేజీ 6-7 శాతం తగ్గవచ్చన్నదీ అందులోనే ఉంది. 2025 ఆగస్టులో వాహనదారులు గగ్గోలు పెట్టింది దీని గురించే. 20 శాతం ఇథనాల్ పెట్రోలు మీద దాఖలైన పిటిషన్‌ను సుప్రీంకోర్టు సెప్టెంబరు 1న కొట్టేసింది.

ఊళ్లకు తగిలిన దెబ్బ మాత్రం వేరే కాగితం నుంచి వచ్చింది. ధాన్యంతో పెట్రోలు కోసమే ఇథనాల్ చేస్తూ, వ్యర్థజలాలు బయటికి వదలబోమని చెప్పే ఫ్యాక్టరీలను కేంద్ర పర్యావరణ శాఖ 2021లో 'బీ2' కేటగిరీలో చేర్చింది. బీ2 అయితే పర్యావరణ ప్రభావ నివేదిక అక్కర్లేదు, ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. లక్ష్యం తొందరగా అందుకోవాలని ఊరి గొంతు నొక్కేశారనే నేనంటాను. ఊరివాళ్లు తమ అనుమానాలు అధికారుల ముందు చెప్పుకునే వేదికే లేకపోతే, అవి రోడ్డెక్కక ఏం చేస్తాయి?

నారాయణపేట జిల్లా చిత్తనూరులో ఇథనాల్ ఫ్యాక్టరీ వాసన, వ్యర్థాల మీద ఫిర్యాదులు 2023 అక్టోబరులో ఘర్షణ దాకా వెళ్లాయి. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరు 26న జనం రోడ్డు మీద బైఠాయించి ఆర్డీవోను కదలనివ్వలేదు, మరునాడే పనులు ఆగాయి. జోగులాంబ గద్వాల జిల్లా పెద్దధన్వాడలో 2025 జూన్‌లో జనం నిర్మాణ స్థలం మీద పడ్డారు. షెడ్లు, వాహనాలు దెబ్బతిన్నాయి. అరెస్టయిన రైతులను బేడీలతో కోర్టుకు తీసుకురావడం పెద్ద దుమారమైంది. విధ్వంసాన్ని ఎవరూ సమర్థించనక్కర్లేదు. కానీ బేడీలు వేసింది నీళ్ల గురించి, పొలాల గురించి భయపడ్డవాళ్లకు.

అనుమతి ఎవరి హయాంలో ఇచ్చారని పార్టీలు ఒకరినొకరు వేలెత్తి చూపుకున్నాయి. ఊళ్ల డిమాండు అంతకంటే ముందరిది: పునాది తీయకముందే గ్రామసభ పెట్టి, నీళ్లు ఎక్కడి నుంచి తోడతారో, మురుగు ఎక్కడికి పంపుతారో తమ ముందు చెప్పాలని.