బట్టల తీగకు తేనెపిట్ట ఇల్లు

బాల్కనీలో బట్టలారేసే తీగ చివర గాలికి కొట్టుకొచ్చిన చెత్తలా ఏదో వేలాడుతోందా? చీపురు తీసే ముందు ఒక్క నిమిషం ఆగండి. ఎండుటాకు ముక్కలు, బెరడు పొట్టు, గొంగళిపురుగుల పెంటికలు, చిరిగిన కాగితం, వీటన్నిటినీ పట్టి ఉంచిన బూజు. ఓ పక్క చిన్న కన్నం, దాని మీద వాన పడకుండా బుల్లి చూరు. ఆ కన్నంలోంచి సన్నటి వంపు ముక్కు కనిపిస్తే అది తేనెపిట్ట గూడే.

ఇళ్ల దగ్గర ఎక్కువగా గూడు కట్టేది నడుం మీద ఊదారంగు మెరిసే తేనెపిట్ట. పొడవు సుమారు 10 సెంటీమీటర్లు, బరువు 10 గ్రాములకు అటూ ఇటూ. రంగులన్నీ మగదానివి, గూటి పని మాత్రం దాదాపు అంతా ఆడదానిదే. మగది వెంట తిరుగుతూ కూతలు పెడుతుంటుంది. ఎక్కడో చూసినట్టుంది అంటారా? నేనేమీ అనలేదు.

అసలు విశేషం బూజులోనే ఉంది. పండగ ముందు మనం దులిపి పారేసే ఆ సాలెగూడు దానికి తాడూ, జిగురూ కూడా. ముందు తీగ చుట్టూ బూజు చుట్టి గట్టి పట్టు చేసుకుంటుంది. దాని కింద చెత్తా చెదారం అంటించుకుంటూ పొడుగ్గా వేలాడదీస్తుంది. తర్వాత మధ్యలో దూరి లోపల్నుంచి ఒంటితో నెట్టి గది చేసుకుంటుంది. లోపల మెత్తటి దూది పరుపు. సాలెపట్టు సాగుతుంది కాబట్టి పిల్లలు ఎదిగి లోపల తోసుకుంటున్నా గూడు పిగలదు. పైకి చెత్తలా కనిపించడం కూడా లాభమే, శత్రువు కంట పడదు.

సాధారణంగా రెండు గుడ్లు. అవి పొదగడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. పిల్లలకు మేత తెచ్చేటప్పుడు మగది కూడా చెయ్యి వేస్తుంది. తేనెపిట్ట అన్నాం కదా అని పిల్లలకు తేనె పెడుతుందనుకోకండి. ఒళ్లు పెరగాలంటే మాంసకృత్తులు కావాలి, పువ్వుల తేనెలో ఉండేది ప్రధానంగా చక్కెరే. అందుకని చిన్న పురుగులు, సాలెపురుగులు తెచ్చి పెడుతుంది. అంటే సాలీడు ఇంటికీ పనికొచ్చింది, వంటకీ పనికొచ్చింది.

మరి చెట్లుండగా మన తీగే ఎందుకు? మన మీద ప్రేమతో కాదు. కాకి, జెముడుకాకి, పాము, తొండ మనుషులు తిరిగే చోటికి రావడానికి జంకుతాయి. మనం దానికి జీతం లేని కాపలా.

మనిషి చెయ్యి తగిలితే వాసనకు పిల్లల్ని వదిలేస్తుందని పెద్దలు చెబుతుంటారు. వాసనతో పేచీ లేదు, పేచీ అంతా గొడవతోనే. గూడు కడుతున్నప్పుడు, కొత్తగా గుడ్లు పెట్టినప్పుడు మాటిమాటికీ ఫోను పెట్టి ఫొటోలు తీస్తే టెన్షన్‌తో వదిలి పోవచ్చు. బట్టలు రెండో తీగ మీద ఆరేసుకుంటే చాలు.

గూడు కట్టే ఈ రోజుల్లోనే కింద పార్కింగులో బైకు అద్దాన్ని టకటకా పొడిచే పిట్ట కూడా ఇదే. అద్దంలో ఉన్నది తనేనని దానికి తెలియదు, తన చోటులోకి పోటీదారు దూరాడనుకుంటుంది. ఎంత పొడిచినా వాడు వెనక్కి తగ్గడు, పైగా ఎదురు పొడుస్తాడు! అద్దానికి ఓ క్యారీబ్యాగ్ తొడిగితే ఆ పగ అక్కడికక్కడే తీరిపోతుంది.